ఎడమ చక్రం

ఆ వేసవి అంతా మా ఇంట్లో అన్నం కిరసనాయిలు వాసన కొట్టేది. గిన్నెలు ఎంత తోమినా, బియ్యం ఎన్నిసార్లు కడిగినా, ముద్ద నోటి దాకా రాగానే ఆ వాసనే ముందు తగిలేది. మంచినీళ్ళ మీద రంగురంగుల జిడ్డు తేలేది. తువ్వాలుతో మొహం తుడుచుకుంటే మొహం నల్లబడేది. తలుపు గడియ పట్టుకుంటే వేళ్ళు అతుక్కునేవి. చేతికి జిడ్డంటితే నాకు చిన్నప్పటి నుంచీ అన్నం సయించదు. ఆ వేసవిలో చేతులు సరే, ఇల్లే జిడ్డయిపోయింది.

అంతా మా వాకిట్లో దిగిన జీపు వల్ల.

దాన్ని జీపు అనడం కూడా మర్యాదే. క్వారీ ట్రాక్టరుకి గొలుసు కట్టి ఈడ్చుకొచ్చారు. ముందు భాగం నలిగి ముద్దయింది. పైన టాపు లేదు, అద్దం లేదు. వర్షాకాలం నుంచి క్వారీ వెనక ముళ్ళపొదల్లో పడి ఉండడంతో లోపల ఎలకలు కాపురం పెట్టాయి. తలుపు తీయగానే వచ్చిన కంపుకి అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. డ్రైవరు సీటులోని స్పాంజి మీద నల్లగా ఎండి అట్టకట్టిన మరక ఒకటుంది. అదేమిటో వాకిట్లో ఉన్న అందరికీ తెలుసు. నాన్న ఆ స్పాంజిని చీల్చి, పెరట్లోకి విసిరి, కిరసనాయిలు పోసి తగలబెట్టాడు. ఆ పొగ సాయంత్రం దాకా ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఓనరు గారు నీకు బహుమతిగా ఇచ్చారు మేస్త్రీ," అన్నాడు వెంట వచ్చిన క్వారీ మేనేజరు, రుమాలు ముక్కు మీంచి తీయకుండానే. "ఇన్నేళ్ళు షెడ్డులో చాకిరీ చేశావు కదా. బాగు చేసుకో. నీ సొంతం."

నాన్న నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనూ సంతోషించాను. క్వారీ బళ్ళన్నీ నాన్న చేతి మీదే నడిచేవి. సొంత బండి మాత్రం ఆయనకి ఎప్పుడూ లేదు. ఊరి బడిలో చదువు ముగించి ఇంట్లో కూర్చున్న నాకు ఆ జీపు ఎక్కి ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చో అన్న ఊహ కూడా ఆ రోజు వచ్చింది.

మర్నాటి నుంచి జీపు ముక్కలై ఇంట్లోకి రావడం మొదలుపెట్టింది. ఇంజను వసారాలో దూలానికి కట్టిన గొలుసుకి వేలాడింది. గేరుబాక్సు వంటింటి గుమ్మం పక్కన కూర్చుంది. స్నానాల గదిలో బకెట్ల నిండా బోల్టులు కిరసనాయిల్లో నానాయి. అమ్మ స్నానానికి వెళ్ళి అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు.

"ఏమైంది అక్కా?"

"ఏం కాలేదు. మా ఇంట్లో ఇప్పుడు బండి స్నానం చేస్తోంది. నా వంతు రావాలంటే సాయంత్రమవుతుంది!"

"అయితే సబ్బు కూడా దానికేనా?"

"సబ్బే కాదు, మంచం కూడా దానికే. రేపో మాపో ఈయన దాని పక్కనే పడుకుంటాడు."

నాన్న వినీ విననట్టు నవ్వుకున్నాడు. సన్నటి భాగాలు కడగడానికి ఆయన నన్ను కూర్చోబెట్టాడు. నా వేళ్ళు చిన్నవి, ఓపిక ఎక్కువ, నోరు తక్కువ. అందుకే నాకు 'సైలెన్సర్' అని పేరు పెట్టాడు. "సైలెన్సర్, ఆ వాషరందుకో. సైలెన్సర్, తుప్పు గోకు." పాత బ్రష్షుతో రుద్దుతుంటే మూలమూలల్లోంచి నల్లటి గ్రీజు, గ్రీజులో ఇరుక్కున్న ఎలకల వెంట్రుకలు, చచ్చిన బొద్దింకల కాళ్ళు బయటికి వచ్చేవి. గోళ్ళ కింద చేరిన ఆ నలుపు ఎన్ని నిమ్మకాయలు పెట్టి రుద్దినా పోలేదు. ఎడమ చేత్తో అన్నం తినలేక, కుడి చేతిని నోటి దాకా తీసుకెళ్ళలేక సగం రోజులు పస్తే.

ఇనుము శుభ్రమై కొద్దికొద్దిగా మెరవడం మొదలయ్యాక నాన్న అన్నాడు: "టాపూ, సీట్లూ పిన్ని చేత కుట్టిద్దాం. పాపం, పనిలేక ఉంది."

అమ్మ పొయ్యి మీది గిన్నెలో గరిటె తిప్పడం ఆపింది. "ఆవిడ చేతనా?" అంది.

"ఏం? కాన్వాసు కుట్టడంలో ఆమెని మించినవాళ్ళెవరున్నారు ఇక్కడ?"

పిన్ని మాకు చుట్టం కాదు. క్వారీలో జీపు నడిపిన డ్రైవరు భార్య. ఆ డ్రైవరు నాన్నని 'అన్నా' అనేవాడు కాబట్టి నాకు బాబాయి, ఆమె పిన్ని. గత వర్షాకాలం బాబాయి క్వారీ కొండ పైనించి వాలు దిగుతుండగా జీపు కుడివైపుకి తిరిగి గోతిలో పడింది. బాబాయి అక్కడికక్కడే పోయాడు. ఈ జీపులోనే. బండి పాము మెలిక తిరిగినట్టు పక్కకి పోయిందని, తాగి నడిపాడని చూసినవాళ్ళు చెప్పారు. వచ్చిన ఇన్స్పెక్టరు బ్రేకు పెడలు చేత్తో నొక్కి చూశాడు, గట్టిగానే ఉంది. బండి బాగానే ఉందని రాసుకుని వెళ్ళిపోయాడు. బాబాయి తాగడం మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు. అయినా నాలుగు రోజుల్లో ఆ మాట నీళ్ళ పంపు దగ్గరికీ, దుకాణాల దగ్గరికీ చేరిపోయింది. 'తాగి చచ్చినవాడి పెళ్ళాం' అని పిన్ని వెనక అనేవాళ్ళు, తర్వాత్తర్వాత ముందే అనేవాళ్ళు. పిన్ని ఊరుకోలేదు. పెద్దాఫీసుకి అర్జీ మీద అర్జీ పెట్టింది. వేసవి చివర్లో విచారణ అన్నారు. ఆ విచారణలో ఆ ఒక్క మాట కొట్టేయించాలి, అంతే ఆమె పట్టుదల.

పిన్ని తన మోటు మిషను రిక్షాలో వేసుకుని వచ్చింది. లారీ టార్పాలిన్లు కుట్టే మిషనది. వసారాలో దించి, చీర చెంగు నడుముకి దోపుకుని నేరుగా జీపు దగ్గరికి వెళ్ళింది. చక్రాల్లేక దిమ్మెల మీద కూర్చున్న దాని చుట్టూ ఒకసారి తిరిగింది. చేత్తో స్టీరింగు తాకింది.

"పాత సీటేదీ బావగారూ?"

"ఎలకలు కొట్టేశాయమ్మా. తగలబెట్టాను."

"ఊఁ," అంది పిన్ని. "కొలతలు తీసుకోవాలి, టేపు పట్టుకోవే సైలెన్సర్," అంది నాతో. ఆ పేరు ఆమె నోట్లో ముద్దుగా ఉండేది.

ఆ పూట నుంచి ఇంట్లో రెండు పనులు జరిగాయి. వాకిట్లో నాన్న పానాల చప్పుడు, వసారాలో పిన్ని మిషను చప్పుడు. మధ్యలో నేను. పిన్ని మాటకారి. కుడుతూనే అమ్మని ఏడిపించేది.

"ఏమక్కా, మీ ఆయనకి పెళ్ళిలో కూడా ఇంత ముస్తాబు చేయలేదేమో."

"పెళ్ళిలో ఇంత ముస్తాబు చేసుంటే నేనూ ఇంత బాధపడేదాన్ని కాదు."

"బావగారూ, విన్నారా?"

"ఇంజను శబ్దంలో ఏమీ వినపడదమ్మా," అనేవాడు నాన్న, ఇంజను దూలానికి వేలాడుతుండగా.

అమ్మ పిన్నికి టీ ఇచ్చేటప్పుడు పింగాణీ కప్పులో ఇచ్చేది. పంచదార ఒక చెంచా ఎక్కువ వేసేది. ఇంట్లో చుట్టాలొచ్చినా బయటికి తీయని కప్పు అది. అమ్మ మంచిదని అనుకున్నాను.

ముందు చక్రాల పని పట్టిన రోజు నాన్న మంచి హుషారుగా ఉన్నాడు. బండి కింద పడుకుని ఒక్కొక్క భాగమూ ఊడదీసి పక్కకి నెట్టుతున్నాడు, నేను డబ్బాలో ముంచి కడుగుతున్నాను. పిన్ని ఆ రోజు దారాలు కొనడానికి వెళ్ళింది. నా చేతికి సన్నటి బ్రేకు గొట్టం ఒకటి వచ్చింది. మిగతా మూడూ చక్రం దాకా తిన్నగా వెళ్ళేవి. ఇది మధ్యలోనే వెనక్కి మడిచి, మళ్ళీ మడిచి, సుత్తితో సమంగా కొట్టి, దాని మీద టంకం పోసి ఉంది. ఎడమ ముందు చక్రానిది.

"నాన్నా, ఇది ఎందుకిలా ఉంది?"

ఆయన బండి కింద నుంచి తల బయటికి పెట్టాడు. మొహం నిండా నలుపు, పళ్ళు మాత్రం తెల్లగా మెరిశాయి.

"అదా? చక్రం దగ్గరి సిలిండరు కారుతోందని మూసేశాను. ఒక చక్రానికి ఆయిలు పోకపోతే మిగతా మూడింటికీ పెడలు గట్టిగా ఉంటుంది. చూడు, ఎంత నీటుగా మడిచానో! ఇంకొకడైతే మడత దగ్గర గొట్టం చిట్లిపోయేది. నిప్పు మీద వెచ్చజేసి, కొద్దికొద్దిగా..." అంటూ వేళ్ళతో గాలిలో మడిచి చూపించాడు.

"ఎప్పుడు మూశావు?"

"ఎప్పుడా..." అన్నాడు.

వేళ్ళు గాలిలోనే ఆగిపోయాయి. పళ్ళు కనపడటం మానేశాయి.

"ఎడమ చక్రానికి బ్రేకు లేకపోతే, తొక్కినప్పుడు బండి కుడికి లాగదా?" అని అడిగాను. బళ్ళ మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఆ మాత్రం తెలుసు.

నాన్న తల మళ్ళీ బండి కిందికి వెళ్ళిపోయింది. లోపలి నుంచి గొంతు వచ్చింది.

"తుక్కు డబ్బాలో పడెయ్ దాన్ని. కొత్తది వేస్తున్నాను."

తుక్కు డబ్బాలో పడేశాను. ఆయన నీళ్ళు తాగడానికి లేచినప్పుడు తీసి, గుడ్డలో చుట్టి, నా బట్టల పెట్టె అడుగున పెట్టాను. మూడు రోజుల్లో నా బట్టలన్నిటికీ బ్రేకు ఆయిలు వాసన పట్టింది. ఏ బట్ట వేసుకున్నా ఒంటి మీద ఏదో పాకుతున్నట్టుండేది.

గొట్టం దాచిన మధ్యాహ్నమే వంటింట్లో అమ్మని అడిగాను. అమ్మ గిన్నెలు సర్దుతోంది.

"బాబాయి జీపుకి ఒక చక్రానికి బ్రేకు లేదని నీకు తెలుసా?"

అమ్మ వెనక్కి తిరగలేదు. "పిన్నితో ఏమన్నా అన్నావా?" అంది. అదే ఆమె జవాబు.

"లేదు."

"అనకు. ఆయన కావాలని చేశాడా? ఓనరు కొత్త సామాను తెప్పించనన్నాడు, బండి రేపటికల్లా రోడ్డు మీద ఉండాలన్నాడు. ఈయనేం చేస్తాడు?"

"బాబాయి తాగాడని అందరూ అంటుంటే నాన్న ఊరుకున్నాడు కదా."

"చచ్చినవాడికి ఏ పేరైతే ఏమిటే? బతికున్నవాళ్ళ సంగతి చూడాలి." అమ్మ పింగాణీ కప్పు కడిగి, పొడి గుడ్డతో తుడిచి, జాగ్రత్తగా పై అరలో బోర్లించింది. "పాపం, ఆవిడని మనం బాగానే చూసుకుంటున్నాం."

నేను పెరట్లోకి వెళ్ళి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఆ కప్పులో వేసిన ఆ ఒక చెంచా ఎక్కువ పంచదార నా నాలుక మీద ఉన్నట్టనిపించింది.

తర్వాత రోజుల్లో జీపుకి రూపం వచ్చింది. నలిగిన రేకుని నాన్న కొట్టి కొట్టి తిన్నగా చేశాడు. గరుకు కాగితం పెట్టి రుద్ది, ఆకుపచ్చ రంగు పూశాడు. దాన్ని నిమిరేవాడు. దుమ్ము పడుతుందని అమ్మ దుప్పటి కప్పేవాడు. చెవి ఇంజనుకి ఆనించి కళ్ళు మూసుకుని వినేవాడు, పసిపిల్ల ఊపిరి వింటున్నట్టు. ఒకప్పుడు ఆ దృశ్యం నాకు బాగుండేదేమో. అప్పుడు మాత్రం ఆయన మెడ మీది చెమట, గోళ్ళలో నలుపు, పని మధ్యలో తీసే కూనిరాగం, అన్నీ రోతగా ఉండేవి. ఆయన తాగిన గ్లాసు నేను ముట్టుకోవడం మానేశాను. ఆయనకది తెలియలేదు.

మేనేజరు ఒకరోజు చూడటానికి వచ్చాడు. మా కుర్చీ మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. వసారాలో పిన్ని కుడుతోంది కాబట్టి గొంతు తగ్గించాడు. నేను నీళ్ళు ఇవ్వడానికి దగ్గరికి వెళ్ళాను.

"అన్నీ కొత్తవి వేశావుగా మేస్త్రీ? విచారణకి బండి కూడా చూస్తానంటున్నాడు ఆ అధికారి. చూసుకోనీ. నువ్వొక మాట చెప్తే చాలు, బండి కండిషన్లో ఉందని."

"అలాగే సార్."

"బండి నీదే కదా ఇక. నీ బండి బాగుందని నువ్వు చెప్పడానికేం?" అంటూ అతను నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. మొదటి రోజు నేను సంతోషించిన నవ్వే. గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను. బహుమతి అంటే ఏమిటో నాకు అప్పటికి పూర్తిగా తెలిసింది.

అతను వెళ్ళాక పిన్ని మిషను ఆపి అడిగింది, "బావగారూ, మీరే చెప్పండి. షెడ్డులో బళ్ళన్నీ చూసేది మీరే. ఆ రోజు బండి బాగానే ఉందా?"

నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడిచాడు.

"బండికేమమ్మా, బాగానే ఉంది. వాడే... ఏదో పరధ్యానంలో... పోనీలే, ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుకోవడం?"

"తవ్వకపోతే నాకు నిద్ర పట్టడం లేదు."

"కాలం మాన్పుతుందమ్మా. నేనున్నాను కదా, పెద్దదిక్కుగా. ఏ పని కావాలన్నా ఈ బండిలో తీసుకెళ్తాను."

పిన్ని తల ఊపి మళ్ళీ మిషను తొక్కింది. డ్రైవరు సీటుకి రెండు వరసల కుట్టు వేస్తోంది. అవసరం లేకపోయినా మూడో వరస కూడా వేసింది.

విచారణకి ఇంకా రెండు రోజులుందనగా జీపు పూర్తయింది. పిన్ని కుట్టిన టాపు బిగించి, తాళ్ళు లాగి కట్టాక నాన్న అందరినీ ఎక్కమన్నాడు. అమ్మ మంచి చీర కట్టుకుంది. వీధిలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"మేస్త్రీ, మాకెప్పుడు?" అని ఎవరో అరిచారు.

"మొదటి సవారీ మా మరదలిది! తర్వాత మీరు!" అని నాన్న గట్టిగా అన్నాడు, అందరికీ వినపడేలా. పిన్నిని ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టాడు. అమ్మా నేనూ వెనక ఎక్కాం. కొత్త రంగు వాసన, కొత్త కాన్వాసు వాసన, నాన్న పూసుకున్న పౌడరు వాసన. టాపు కింద గాలాడలేదు.

ఊరి బయట మట్టిరోడ్డు మీద ఎవరూ లేరు. నాన్న వేగం పెంచి, ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. జీపు తాడు కట్టి లాగినట్టు నిలబడింది. అమ్మ నా మీద పడింది.

"చూశావా అమ్మా! బెత్తెడు కూడా పక్కకి పోలేదు!"

పిన్ని కిందికి దిగింది. వెనక్కి నాలుగడుగులు వేసి, రోడ్డు మీద చక్రాలు గీసిన గీతల దగ్గర నిలబడింది. రెండు గీతలు, పక్కపక్కన, సమంగా.

"ఆ రోజు ఒకటే లోతు గీత ఉంది బావగారూ," అంది.

"ఏమిటమ్మా?"

"ఆ రోజు నేను వాలు మీదికి వెళ్ళి చూశాను. కుడి పక్క మట్టి లోతుగా గీసుకుపోయింది. ఎడమ పక్క మట్టి పైపైన చెదిరిందంతే. తాగినవాడైతే మాత్రం ఒక పక్కకే బ్రేకు వేస్తాడా? ఎవరినడిగినా నాకు చెప్పలేదు."

"వాలు కదమ్మా అది. బరువంతా ఒక పక్కకి..."

"ఎడమ చక్రానికి బ్రేకు లేదు పిన్నీ," అన్నాను. "గొట్టం మూసేసి ఉంది. నాన్న మూశాడు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మ నా చెయ్యి గిల్లి పట్టుకుంది, చర్మం కమిలేలా. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. నాన్న తాళం తిప్పి ఆపేశాడు.

పిన్ని ఆయన వైపు తిరిగింది. "నిజమేనా?"

"ఓనరు వినలేదమ్మా. నాలుగు రోజులు ఇలా నడిపించు, సామాను తెప్పిస్తానన్నాడు."

"మా ఆయనకి చెప్పారా? ఎడమ పక్క పనిచేయదని?"

నాన్న స్టీరింగు వైపు చూస్తూ అన్నాడు, "చెప్తే బండి తీసేవాడు కాదు."

పిన్ని చీర కుచ్చిళ్ళకి అంటిన దుమ్ము దులుపుకుంది.

"ఎల్లుండి విచారణలో ఈ మాట చెప్తారా?"

నాన్న మళ్ళీ తాళం మీద చెయ్యి వేశాడు. అమ్మ, "ముందు బండెక్కు, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, ఎండగా ఉంది," అంది.

పిన్ని నడిచే వెళ్ళిపోయింది. నేనూ దిగి ఆమె వెనకే నడిచాను. కొంత దూరం వెళ్ళాక, "ఆ గొట్టం ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "వస్తావా?" అంది. వస్తానన్నాను.

ఆ రెండు రోజులూ నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అలా చేసినా బాగుండేది. నేను కనపడగానే జీపు కిందికి దూరేవాడు, అక్కడ చేయడానికి పనేమీ లేకపోయినా. అమ్మ మాత్రం కంచం నా ముందు విసిరినట్టు పెట్టేది. "తండ్రిని బజారుకీడ్చి ఏం సుఖపడతావో చూస్తాను," అనేది. నేను ఆ తిండి తినలేదు.

విచారణ రోజున పిన్నీ నేనూ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆకుపచ్చ జీపు వచ్చి మా ముందు ఆగింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పక్కన మేనేజరు, పిన్ని కుట్టిన సీటులో, మోకాళ్ళ మీద సంచీ పెట్టుకుని. మా వైపు చూడలేదు.

"ఎక్కండి," అన్నాడు నాన్న. "అక్కడికే కదా. ఎండలో ఎందుకు?"

మామూలుగా, పెళ్ళికో పేరంటానికో తీసుకెళ్తానన్నట్టే అన్నాడు. దానికంటే అసహ్యమైన మాట నేను అంతవరకూ వినలేదు.

"మేం బస్సుకి వస్తాం," అంది పిన్ని. "మీరు వెళ్ళండి."

విచారణ గది చిన్నది. పైన ఫ్యాను తిరుగుతూ కిర్రుమంటోంది. అధికారి పెద్దాయన, చెమట పట్టిన కళ్ళద్దాలు మాటిమాటికీ తుడుచుకుంటున్నాడు. ముందు నాన్ననే పిలిచాడు.

"బండి కండిషన్ ఎలా ఉండేది?"

"బాగానే ఉంది సార్."

"బ్రేకులు?"

"పెడలు గట్టిగా ఉంది సార్." అది అబద్ధం కాదు. నాన్న దాన్ని వెతుక్కుని మరీ చెప్పాడు.

నా వంతు వచ్చింది. గుడ్డ విప్పి గొట్టాన్ని బల్ల మీద పెట్టాను. ఏ చక్రానిదో, ఎక్కడ దొరికిందో, ఎవరు మూశారో చెప్పాను. నా మాటలు పూర్తికాకముందే మేనేజరు లేచాడు.

"ఇది మా షెడ్డుది కాదు సార్. ఈ పిల్ల ఏ తుక్కులోంచి ఏరుకొచ్చిందో. మా మేస్త్రీ పనితనం చూస్తే మీకే తెలుస్తుంది, బయటికొచ్చి బండి చూడండి." గొట్టాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఇది ఎవడో చేతకానివాడి పని. రోడ్డు పక్క కూర్చుని పంక్చర్లు వేసుకునేవాడెవడో సుత్తితో బాది పారేశాడు. అంతేనా మేస్త్రీ?"

నాన్న ఆ గొట్టం వైపే చూస్తున్నాడు. 'అంతే' అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో నేను అబద్ధాలకోరునై, పిన్ని తాగుబోతు పెళ్ళాంగానే ఇంటికి వెళ్ళేది.

"బాదింది కాదు సార్ అది," అన్నాడు నాన్న.

మేనేజరు నాన్న వైపు తిరిగాడు. "ఏమిటి మేస్త్రీ?"

"బాదితే చిట్లుతుంది. వెచ్చజేసి మడిచాను. టంకం చూడండి, అంచు దాకా ఎక్కింది. కొండ మీద నుంచి పడ్డా ఆ మడత విడలేదు. ఒక్క చుక్క కారలేదు." గొంతులో రోషం. చెవులు ఎర్రబడ్డాయి. "చేతకానివాళ్ళు చేసేది కాదు సార్ అది. నేను చేశాను."

ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది. మేనేజరు గొట్టాన్ని బల్ల మీద వదిలేశాడు. అధికారి కళ్ళద్దాలు పెట్టుకుని, "ఎప్పుడు చేశావు?" అని అడిగాడు. ఇక వెనక్కి వెళ్ళడానికి దారి లేకపోయింది. నాన్న అన్నీ చెప్పాడు, ఓనరు మాటతో సహా, బాబాయికి చెప్పకపోవడంతో సహా. తాగి నడిపాడన్న మాట ఆ రోజే కొట్టేసి, ఎడమ చక్రానికి బ్రేకు లేక బండి పడిందని రాశారు. పిన్ని అధికారి చేత ఆ కొత్త వాక్యాన్ని పైకి చదివించుకుంది. మళ్ళీ ఒకసారి చదవమంది. ఆయన చదివాడు.

బయటికి వచ్చేసరికి జీపు చుట్టూ జనం చేరి, ఎంత బాగా చేశారో అని చూస్తున్నారు. దాన్ని అక్కడే ఉంచాలని చెప్పి ఒక జవాను తాళం చెవి తీసుకున్నాడు. నాన్న మెట్ల మీద మా కోసం ఆగాడు. ఏదో పెద్ద త్యాగం చేసినవాడిలా, బరువు దించుకున్నవాడిలా పిన్ని వైపు చూశాడు. పిన్ని ఏదో అంటుందని, కనీసం తల ఊపుతుందని ఎదురుచూశాడు.

"చూశావు కదమ్మా. నిజం చెప్పేశాను," అన్నాడు.

పిన్ని నా వైపు తిరిగి, "బస్సు ఎటువైపు ఆగుతుందే?" అని అడిగింది.

చూపించాను. ఇద్దరం రోడ్డు దాటాం.